నీడను నిలిపిన రాళ్లు

మంజీరాతీరము మొదలు కృష్ణాతీరము వరకు తెలుగునేలపై ఊరి పొలిమేరలలో వీరగల్లులు కానవచ్చును. పోయినవారిని రాతిలో నిలుపుకొను ఈ యాచారమునకు మిక్కిలి ప్రాచీనమైన సాక్ష్యములు నాగార్జునకొండలో లభించినవి. క్రీ.శ. మూడవ, నాలుగవ శతాబ్దులలో విజయపురి నేలిన ఇక్ష్వాకుల కాలమున మృతుల జ్ఞాపకార్థము ఎత్తిన స్తంభములను ప్రాకృతమున ‘ఛాయాఖంభము’ లనిరి. అనగా నీడను నిలిపిన కంబములు.

వీనిలో ముఖ్యమైనది శాంతమూల మహారాజు స్తంభము. ఆయన కుమారుడు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరమున మృతుని తల్లులు, సోదరీమణులు, రాణులు కలిసి దానిని ప్రతిష్ఠించిరి. శాంతమూలుడు అశ్వమేధ వాజపేయములు చేసిన వైదికుడు. ఆయన సోదరి చాంతిసిరి బౌద్ధ మహాచైత్యమును నిర్మింపజేసిన ఉపాసిక. ఒకే యింట రెండు విశ్వాసములు మెలగినవి. ఆత్మీయుడు పోయిన దుఃఖము మాత్రము ఇంటిల్లిపాదికి ఒక్కటియే. శిల్పి ఆ స్తంభముపై మరణమును గాక, మృతుడు బ్రతికిననాటి వైభవమును వరుస వరుసలుగా చెక్కినాడు. ఇట్టి గౌరవము రాజులకే పరిమితము కాలేదు. పోరున కూలిన యోధులకును, శిల్పకారునకును కూడ స్తంభములు వెలసినవి.

ఇక్ష్వాకుల ప్రాభవము అంతరించిన పిమ్మట యజ్ఞవేదికలు చల్లారినవి. విహారములు క్రమముగా పాడువడినవి. 1926లో ఈ శిథిలములు లోకమునకు తెలియవచ్చెను. కాని 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరుగుటతో ఆ లోయ మునుగుట నిశ్చయమయ్యెను. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వమున విస్తృతముగా త్రవ్వకములు సాగినవి. కొన్ని కట్టడములను విప్పి, కొండపైనను అనుపులోను మరల కూర్చిరి. 1966లో కొండపై మ్యూజియము ఏర్పడెను. 1967లో సాగరజలములు కాలువలలో పారినవి.

పొలములకు నీరు వచ్చినది. అది చిన్న మేలు కాదు. అయితే ఆ నీటి అడుగున విజయపురియే కాక, నిన్న మొన్నటి పల్లెలును ఉన్నవి. ఇల్లు విడిచిపోయిన ఆ పల్లెజనులకును అచ్చట తమవారిని సాగనంపిన చోట్లు ఉండియుండును. వానిని కొండపైకి చేర్చుట ఎవరి తరము?

నేడు లాంచి దిగి మ్యూజియమునకు వచ్చువారు ఈ శిల్పముల ముందు క్షణకాలము నిలుతురు. స్తంభము నెత్తినవారి క్రతువులు, ఆ లోయలోని ఆరాధనలు గతించినవి. చదువరి శాసనములోని పేర్లు చదివినపుడు మాత్రము, పదునేడు వందల యేండ్ల క్రిందట ఒక యింటి స్త్రీలు తమవానికై పడిన వేదన మరల వినవచ్చును.