పాలబండి కమాన్ కట్టలు కిర్రుమంటే ఏమి చేయాలి?

పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోని పర్చూరు, ప్రత్తిపాడు, చిలకలూరిపేట ప్రాంతాల్లో నల్లరేగడి నేలలు ఎక్కువ. ఈ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. అందువల్ల దానిపై వేసిన రోడ్లు త్వరగా ఎగుడుదిగుడవుతాయి. ఈ దారులలో రెండు పూటలా పాల క్యానులు మోసే పికప్ బండ్లకు వెనుక కమాన్ కట్టలే ఆధారం. పగటివేళ అదే బండి పత్తి బోరాలో, గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలో మోయడమూ కద్దు. ఆ కట్టలు కిర్రుమంటే "బండి పాతబడింది" అని సరిపెట్టుకోరాదు.

సంఘానికి ఏమి నష్టం?

40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోలు. క్యానుతో కలిపి సుమారు 50 కిలోలు. 30 క్యానులంటే టన్నున్నర. దారిలో మెయిన్ ప్లేటు విరిగితే ఇరుసు పక్కకు జరిగి బండి అదుపు తప్పవచ్చు. మనుషులు క్షేమంగా బయటపడినా బండి మాత్రం ఆగిపోతుంది. వేసవిలో 4 గంటలలోగా పాలు చల్లబడకపోతే పులుస్తాయి. ఆ నష్టం ఆ దారిలోని సభ్యులందరిదీ.

శబ్దం ఎక్కడిది?

బరువు పడినప్పుడల్లా కమాన్ పట్టాలు ఒకదానిపై ఒకటి జారుతాయి. మధ్యలో తుప్పు, దుమ్ము చేరితే, లేదా పట్టాల కొసల మధ్యనుండే ప్యాడ్లు అరిగితే కిర్రుమంటాయి. షాకిల్ పిన్నులు, బుష్షులు అరిగినా, యు-బోల్టులు వదులైనా శబ్దం వస్తుంది.

ఖాళీ బండిని చదునైన నేలపై నిలిపి, ఇంజను ఆపి, ఒకరు వెనుక భాగాన్ని ఊపాలి, ఒకరు పక్కనుండి వినాలి. పట్టాల కొసలు, బుష్షులు, షాకిల్ వద్ద విడివిడిగా నీళ్లు చల్లండి. ఎక్కడ చల్లితే శబ్దం కాసేపు ఆగుతుందో లోపం అక్కడే.

ముందు పరీక్ష, తరువాత గ్రీజు

వైరు బ్రష్షుతో బురద తీసి, సెంటర్ బోల్టు చుట్టూ, పట్టాల చెవుల వద్ద పగుళ్లు చూడండి. సన్నని తుప్పు గీత కూడా పగులు కావచ్చు. రెండు వైపులా చక్రం మధ్యనుండి బాడీ వరకు కొలవండి. ఒకవైపు బాగా తగ్గితే ఆ కట్ట సత్తువ పోయినట్లే. ఇట్టి బండిని మెకానిక్కుకు చూపనిదే పాలకు పంపరాదు.

పట్టాలు బాగుంటే:

1. ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కలు అడ్డుపెట్టండి. వెనుక చక్రాలు గాలిలో ఉన్నప్పుడు హ్యాండ్ బ్రేకును నమ్మరాదు.
2. జాకీని ఇరుసు కింద కాక ఛాసిస్ కింద పెట్టి లేపి, గట్టి స్టాండ్లపై నిలపండి. కట్టలు వేలాడి పట్టాల కొసలు విడివడతాయి. జాకీ ఒక్కదానిపై ఉన్న బండి కిందికి ఎవరూ దూరరాదు.
3. కడిగి, ఆరనిచ్చి, కొసల మధ్య గ్రాఫైట్ గ్రీజు పలుచగా రాయండి. అరిగిన ప్యాడ్లు మార్చండి.
4. ఇనుప బుష్షులకు నిప్పిల్ ద్వారా, పాత గ్రీజు బయటకు వచ్చేదాకా కొత్తది ఎక్కించండి. రబ్బరు బుష్షులకు నూనె, గ్రీజు తగలనీయరాదు, ఉబ్బి చెడిపోతాయి. అరిగితే మార్చడమే.
5. బండిని దించి, బరువు చక్రాలపై ఉండగా యు-బోల్టులు కంపెనీ చెప్పిన మేరకు బిగించండి. పట్టా మార్చితే కొద్ది రోజులు తిరిగాక మళ్లీ బిగించాలి.

చేయకూడనివి

వాడేసిన ఇంజను నూనె పోస్తే శబ్దం ఆ పూటకు ఆగుతుంది. తరువాత రేగడి దుమ్ము అంటుకుని ఆకురాయిలా పట్టాలను అరగదీస్తుంది. కారి బ్రేకులపై పడితే మరింత ప్రమాదం. విరిగిన పట్టాకు వెల్డింగు చేయించరాదు. వేడికి ఉక్కు పదును పోయి అక్కడే మళ్లీ విరుగుతుంది. అదనపు పట్టా వేయించి ఎక్కువ బరువు ఎక్కించనూ రాదు. కట్ట మోసినా బ్రేకుల, ఇరుసు శక్తి పెరగదు గదా!

వానాకాలం ముగిశాక ఒకసారి, మిర్చి రవాణా మొదలయ్యే ముందు మరొకసారి ఈ పరీక్ష జరిపించవలసినదిగా సంఘాలు బండి యజమానులను కోరాలి. బండి అద్దె ఒప్పందంలోనే ఈ షరతు చేర్చుకుంటే మరీ మంచిది.