పాట యొకటి, పాఠములు పెక్కు

పాఠాంతరము అను మాట మన పండితులకు క్రొత్తది కాదు. నాలుగు వ్రాతప్రతులు ముందు పెట్టుకొని, ఒక పద్యము ఈ ప్రతిలో ఇట్లున్నది, ఆ ప్రతిలో అట్లున్నది అని తూచి చూచుట సాహిత్యపరిశోధనలో మొదటి మెట్టు. బ్రౌనుదొర 1829లో వేమన పద్యములను అచ్చు వేయించుటకు ముందు పెక్కు ప్రతులను సేకరించి పోల్చి చూచెను. కవి ఎరుగకుండగనే వ్రాయసకానిచేతిలో ఒక మాట జారును, ఒక పాదము చేరును. ఆ జారినదేదో, చేరినదేదో తేల్చుటయే పరిష్కర్త పని.

పద్యముపై చూపిన ఈ శ్రద్ధను పాటపై చూపుట అరుదు. పాట అచ్చుపుస్తకములో ఎట్లున్నదో చూతుము. చలనచిత్రములో ఎట్లున్నదో విందుము. అదే పాట ఒకానొక రాత్రి, ఒకానొక ఊరి మైదానములో, వేలమంది ఎదుట ఎట్లు పలికినదో విచారింపము. ఆ పలుకును పట్టి ఉంచినవారు సంస్థలు కారు, కంపెనీలు కారు. వేదికముందు కూర్చుండి టేపురికార్డరు మీట నొక్కిన శ్రోతలు. నేడు చేతిఫోను పైకెత్తి పట్టుకొనువారు వారి వారసులు. ఈ అనధికార ముద్రణములే నల్లగొండ, పాలమూరు సీమల పాటకు తాళపత్రములు. వానిని పోల్చి వినుట ఎట్లు, విన్నందున కలుగు లాభమేమి అనునది ఈ వ్యాసమునకు విషయము.

ఇది మన దేశమునకే చెందిన సంగతి కాదు. న్యూయార్కు మెట్రోపాలిటన్ ఆపెరాలో గ్రంథపాలకుడైన లయొనెల్ మేపుల్‌సన్ 1901 మొదలు 1903 వరకు, ప్రదర్శన జరుగుచుండగనే ఎడిసన్ యంత్రముతో మైనపు గొట్టములపై గాయకుల గొంతులను పట్టెను. గీతలు పడి, గరగరలాడు ఆ ముద్రణములు లేకున్న జాఁ ద రెష్కే వంటి మహాగాయకుని కంఠము నేడు మనకు వినబడెడిది కాదు. తరువాతి కాలమున రాక్ సంగీతమునకు ఇట్టి ముద్రణములను సేకరించు అభిమానులు వేలకొలదిగా బయలుదేరిరి. బాబ్ డిలన్ 1966 మే 17న మాంచెస్టరులో చేసిన కచేరి ముద్రణము చాలకాలము లండను ఆల్బర్టు హాలు కచేరి అను తప్పుపేరుతో చేతులు మారినది. 1998లో అధికారికముగా వెలువడినప్పుడును ఆ తప్పుపేరును ఉద్ధరణచిహ్నముల నడుమ ఉంచక తప్పలేదు. గ్రేట్‌ఫుల్ డెడ్ అను బృందము 1984 నుండి ముద్రించువారికి సభలో ప్రత్యేకముగా చోటు కల్పించినది. ఇందలి నీతి ఒక్కటే: ముద్రణము ఎంత ముఖ్యమో, దానిపై అంటించిన చీటీ అంత ముఖ్యము.

ఇక మన సీమకు వత్తము. తెలంగాణా సాయుధ పోరాటకాలమున, 1946–51 నడుమ, నల్లగొండ ప్రాంతమున పాట కత్తితో సమానముగా పనిచేసినది. సుద్దాల హనుమంతు బుర్రకథను, గొల్లసుద్దులను పల్లెబాణీలలో ప్రజలచెంతకు చేర్చెను. బండి యాదగిరి ‘బండెనక బండి కట్టి’ అను పాటను కట్టెను. ఆ దినములలో ఊరూర పాడినవారి గొంతును పట్టుటకు పల్లెలో యంత్రమేది? పాట నోటినుండి నోటికి పోయినది. పోవుచు మారినది. ఈ పాటకు ఒక దేశముఖును సంబోధించు పాఠము కలదు. నైజాము సర్కారును సంబోధించు పాఠమును కలదు. గౌతం ఘోష్ దర్శకత్వమున, బి. నరసింగరావు నిర్మాణమున 1979లో వచ్చిన ‘మా భూమి’ చిత్రమున గద్దరు తెరపై నిలిచి పాడినది ఈ రెండవ పాఠమే. చిత్రము పల్లెపల్లెకు పోయినది గనుక అదియే అసలు పాఠమను భావము పలువురిలో స్థిరపడినది.

ఈ భేదము చిన్నది కాదు. దొరను పేరుపెట్టి పిలిచిన పాటలో పగ ఎదుటి గడీమీద. ఆ దొర ఎవరో, గడీ ఏదో వినువానికి తెలియును. పాడినవానికి ప్రాణభయమును కలదు. సర్కారును పిలిచిన పాటలో ఆ పగ రాజ్యమునంతటిని చుట్టుకొనును. మొదటిది ఒక తాలూకా పాట, రెండవది ఒక దేశపు పాట. ఒక్క సంబోధన మారుటచే పాట చిరునామాయే మారినది. ఈ మార్పును గుర్తింపక, రెండింటిలో ఒకటి తప్పని కొట్టివేసినచో చరిత్రలో ఒక పుట చించివేసినట్లే అగును.

గద్దరు సభలలో పాడిన ముద్రణములను ఈ చిత్రగీతముతో పోల్చి విన్నవారికి మరికొన్ని సంగతులు తెలియును. చిత్రములో పాటకు కొలత కలదు. కథ ముందుకు పోవలెను గనుక పాట ఆగవలెను. సభలో ఆ నిర్బంధము లేదు. గొంగడి భుజమున వేసి, కర్ర చేతబట్టి, గజ్జె కదలించుచు ఆయన చరణము నడుమ ఆగును, మాటాడును, ఆనాటి సంగతి ఒకటి ఎత్తును, మరల పల్లవికి వచ్చును. వంతవారు అందుకొందురు. జనము కేక వేసినచో ఆ పాదమే మరల వచ్చును. జనము మౌనము వహించినచో స్వరము దిగును. అనగా సభలోని పాటకు కర్తలు ఇద్దరు: పాడువాడొకడు, వినువాడొకడు. ఈ రెండవ కర్త చేవ్రాలు అచ్చుపుస్తకమునకు ఎక్కదు. అది ఎక్కునది శ్రోత పట్టిన టేపులోనే.

పాలమూరు కిన్నెర కథ ఇంకొక తీరుది. పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశకములవాడని చెప్పుకొను పండుగ సాయన్న, ఉన్నవారిని కొట్టి లేనివారికి పెట్టిన వీరునిగా ఆ సీమలో పాటయైనాడు. ఆ కథను పన్నెండు మెట్ల కిన్నెరపై పాడిన దర్శనం మొగిలయ్యది నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలములోని అవుసలికుంట. 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రపు శీర్షికాగీతమునకు ఆయన ఎత్తుగడ పాడగా, ఆ కొద్దిపాటి గానము కోట్లమంది చెవిని పడినది. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించినది.

చిత్రగీతమును, ఆయన ఊరి అరుగుమీదనో సభలోనో పాడగా ఎవరో ఫోనులో పట్టిన దృశ్యమును ఒకదాని వెనుక ఒకటి వినుడు. మొదటిదానిలో కిన్నెర స్పష్టము, కాని కథ లేదు. రెండవదానిలో కథ కలదు, కాని కిన్నెర లోతున ఎక్కడనో మినుకుమనును. ఎండిన సొరకాయ బుర్రలు, వెదురుదండము, తీగలు గల ఆ వాద్యము స్వభావముచేత మెత్తనిది. దగ్గర కూర్చున్న పదిమందికొరకు పుట్టినది. ఆ మెత్తదనమును పట్టవలెనన్న మంచి మైకు కావలెను; ఆ కథను పట్టవలెనన్న ఓపిక కావలెను. మైకు గలవారికి ఓపిక లేదు, ఓపిక గలవారికి మైకు లేదు. ఈ రెండును ఒకచోట చేరనంతవరకు కిన్నెరకథకు సమగ్రమైన పాఠము దొరకదు.

గోరటి వెంకన్నయు పాలమూరు బిడ్డయే. ఆయన ‘వల్లంకి తాళము’నకు 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాట 2002లో ‘కుబుసం’ చిత్రమునకు ఎక్కినది. పుటలో చదివినచో అది కవిత. తెరపై విన్నచో గీతము. ఆయనయే ఆడుచు పాడుచు నడుమ నడుమ వ్యాఖ్యానించుచుండగా విన్నచో అది పాఠమును ప్రదర్శనమును కలిసిన మూడవ వస్తువు. కవి జీవించియుండగనే మూడు పాఠములును మన ముందున్నవి గనుక విద్యార్థులు పోలిక నేర్చుటకు ఇంతకంటె సులభమైన ఉదాహరణము లేదు.

పోల్చునప్పుడు ఏది అసలు అను ప్రశ్న తప్పక పుట్టును. ఆల్బర్టు లార్డు అను అమెరికా పండితుడు తన గురువు మిల్మన్ పారీతో కలిసి యుగోస్లావియా గాయకుల వీరగాథలను ముద్రించి, పోల్చి, 1960లో ఒక ప్రసిద్ధ గ్రంథమును వెలువరించెను. నోటిమీద బ్రతుకు కథకు అసలు ప్రతి అనునది లేదు, పాడిన ప్రతిసారియు అదియే అసలు అని అతని తీర్పు. సాయన్న కథకు ఈ తీర్పు చక్కగా అమరును. యాదగిరి పాటకు పూర్తిగా అమరదు. ఏలయన, దానికి పేరుగల కర్త యొకడు కలడు. అతడు కట్టిన సందర్భము కలదు. అట్టిచోట మార్పును ఆనందించుటతో చాలదు; ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చిరో అడుగవలెను. సంప్రదాయగాథకు ఒక న్యాయము, కర్తృత్వము గల పాటకు మరొక న్యాయము.

అయితే గాయకుని మార్పును యంత్రపు మార్పునుండి వేరుచేయుట మొట్టమొదటి పని. ఫిలిప్సు కంపెనీ 1963లో తెచ్చిన క్యాసెట్టు మన పల్లెలకు పాటను మోసిన బండి. అరువది నిమిషముల క్యాసెట్టులో ఒక్కొక్క ప్రక్క ముప్పది నిమిషములే. ప్రక్క ముగిసి, తిప్పివేయునంతలో ఒక చరణము పోవచ్చును. అది గాయకుడు విడిచినది కాదు, టేపు మ్రింగినది. ఒక ప్రతిలో పాట వేగముగాను, హెచ్చు శ్రుతిలోను వినబడినచో ఆ దినము గాయకునికి ఉత్సాహము మెండుగా ఉండెనని వెంటనే వ్రాయరాదు. టేపు నూటికి ఆరు వంతులు వేగముగా తిరిగిన, శ్రుతి ఇంచుమించు ఒక అర్ధస్వరము పైకి పోవును. పది నిమిషముల పాట సుమారు తొమ్మిదిన్నర నిమిషములలో ముగియును. శ్రుతియు వేగమును ఒకే నిష్పత్తిలో పెరిగినచో అనుమానింపవలసినది యంత్రమును. ప్రతికి ప్రతి తీసినకొలది బుసబుస హెచ్చును, గజ్జెలసవ్వడి తగ్గును. ఇక ఫోనులు తమంతట తామే ధ్వనిని సవరించును. జనము కేక వేయగానే యంత్రము మొత్తము ధ్వనిని క్రిందికి దించును. గాయకుని గొంతు తగ్గినట్లు తోచును. నిజమునకు ఆ క్షణముననే అతడు గొంతెత్తి పాడుచుండవచ్చును.

కాలనిర్ణయమునకు చీటీ చాలని చోట లోపలి సాక్ష్యము ఉపకరించును. నడుమ మాటలలో ఏ ఎన్నిక, ఏ కరవు, ఏ మరణము ప్రస్తావనకు వచ్చినదో వినవలెను. చీటీపై నాగర్‌కర్నూలు జిల్లా అనియో సూర్యాపేట జిల్లా అనియో ఉన్నచో ఆ చీటీ 2016 అక్టోబరు తరువాత వ్రాసినది. ఏలయన ఆ జిల్లాలు అప్పుడే ఏర్పడినవి. పాట అంతకు ముందుది కావచ్చును. చీటీ వయస్సు వేరు, పాట వయస్సు వేరు.

ధర్మమును, చట్టమును మరువరాదు. 1957 నాటి మన గ్రంథస్వామ్య చట్టమునకు 1994లో చేసిన సవరణ ప్రదర్శకులకు ప్రత్యేకమైన హక్కును కల్పించినది. నేడు ఆ హక్కు ఏబది సంవత్సరములు నిలుచును. అనుమతి లేక ప్రదర్శనమును ముద్రించుట ఆ హక్కునకు భంగము. స్వంతముగా వినుటకును, నిజమైన బోధనకును, పరిశోధనకును చేసికొన్న ముద్రణమునకు మాత్రము చట్టము మినహాయింపు నిచ్చినది. దానిని అంగడిలో అమ్ముకొనుట, అంతర్జాలమున పెట్టి ధనము గడించుట ఆ మినహాయింపులో చేరవు. పద్మశ్రీ పొందిన మొగిలయ్యకు 2022లో రాష్ట్రప్రభుత్వము కోటి రూపాయలు, ఇంటిస్థలము ప్రకటించినది. అయినను 2024లో ఆయన దినకూలికి పనిచేయుచున్నాడను వార్త పత్రికలలో వచ్చినది. ఆయన పాటను చూచినవారి సంఖ్య ఎంత పెరిగినను ఆయన ఇంటి పొయ్యి దానివలన వెలుగలేదు. అడిగి ముద్రించుట, ముద్రించినదాని ప్రతిని గాయకునికే మొదట ఇచ్చుట, ఫలము వచ్చినచో పంచుట, ఇవి చట్టము చెప్పకున్నను పాటింపదగిన మర్యాదలు.

ఇన్ని హెచ్చరికలు చేసి, అసలు ముద్రింపకుండుటయే మేలని ఎవరైన అనుకొందురేమో. భువనగిరి సంగతి స్మరింపుడు. నూలుమిల్లులో పనిచేసిన బెల్లి లలిత, తెలంగాణా సభలలో పాడి వేలమందిని కదిలించినది. 1999 మే నెలలో ఆమెను అతిక్రూరముగా హత్య చేసిరి. ఆమె పాడిన దినములలో జేబుజేబున ఫోనులు లేవు. ఆ సభలకు పోయిన ఏ శ్రోతయింటి అటకపైనైన ఆమె గొంతు గల టేపు ఒకటి ఉన్నచో, బూజు పట్టిన ఆ టేపునకు వెల కట్టలేము. 2023 ఆగస్టు 6న గద్దరును మరణించెను. ఆయన ఇకమీదట క్రొత్తపాఠము పాడడు. ఇంతవరకు పాడినవానిలో మిగిలినన్నియే పాఠములు. టేపులపై పూసిన పొడి రాలుచున్నది. వానిని నడుపు యంత్రములు తుక్కు బండ్లకెక్కుచున్నవి. ఈ పని పది యేండ్ల తరువాత చేయుదమన్న, అప్పుడు చేయుటకేమియు ఉండదు.

పెద్ద సంస్థలకొరకు ఎదురుచూడ నక్కరలేదు. ప్రతి పాఠశాలలోను ఒక ఉపాధ్యాయుడు, పదిమంది విద్యార్థులు చాలుదురు. ఊరిలో ఎవరింట పాత క్యాసెట్లున్నవో విచారింపుడు. యజమాని అనుమతితో ఒక్కసారి, మొదలునుండి తుదివరకు, కోత లేక, కంప్యూటరునకు ఎక్కింపుడు. ఎవరు పాడిరి, ఎవరు వంత పాడిరి, ఏ ఊరు, ఏ సభ, ఏ తేది, ఎవరు ముద్రించిరి అని వ్రాసి ఉంచుడు. తెలియనిదానిని తెలియదనియే వ్రాయుడు. ఊహను తేదిగా మార్చకుడు. తరువాత ఒకే పాట రెండు ముద్రణములు తీసికొని, తరగతిలో వినిపించి, భేదములు గుర్తింపుమనుడు. సంబోధన ఎక్కడ మారినది? ఏ పాదమును జనము తిరిగి అడిగిరి? ఎక్కడ గాయకుడు ఆగెను, ఎక్కడ టేపు ఆగెను? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకిన బాలుడు పరిష్కరణశాస్త్రపు ఓనమాలు దిద్దినవాడే. తన తాత ఏ సభలో ఏ కేక వేసెనో అతనికి వినబడినను వినబడవచ్చును.