ఆకాశంలో ఆ తెల్లని వస్తువు ఏమిటి?

ఆకాశంలో ఎన్నడూ చూడని వస్తువేదో కనిపిస్తే “అదేమిటి?” అని అడుగుతాం. అది తెలుసుకోబోయి ఒక విమానచోదకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు.

1948 జనవరి 7. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం. మధ్యాహ్నం వేళ గాడ్‌మన్ విమానస్థావరం వారికి ఆకాశంలో తెల్లగా, గుండ్రంగా ఏదో కనిపించింది. బైనాక్యులర్లతో చూసినా అంతుపట్టలేదు. అటుగా వెళ్తున్న నాలుగు మస్టాంగ్ విమానాలను రేడియోలో పిలిచి, అదేమిటో చూడమన్నారు. వాటి నాయకుడు కెప్టెన్ థామస్ మాంటెల్, వయస్సు 25. ఒక విమానం ఇంధనం చాలక వెళ్ళిపోయింది. రెండు విమానాలు సుమారు 22,000 అడుగుల దాకా వచ్చి వెనుదిరిగాయి. మాంటెల్ మాత్రం ఇంకా పైకి పోయాడు. ఆయన వద్ద ఆక్సిజన్ పరికరం లేదు. కొంతసేపటికి ఫ్రాంక్లిన్ పట్టణం దగ్గర ఆయన విమానం కూలిపోయింది.

ఎందుకని? అంత ఎత్తులో కూడా గాలిలో ఆక్సిజన్ పాలు 21 శాతమే. కాని గాలి పీడనం నేలమీద ఉన్నదానిలో సగం కూడా ఉండదు. మెదడుకు ఆక్సిజన్ చాలదు. ముందుగా వివేచన తగ్గుతుంది, ఆపైన స్పృహ తప్పుతుంది. ప్రమాదం సంగతి మనిషికి తెలియనే తెలియదు!

మరి ఆ వస్తువు? “ఎగిరే పళ్ళెం” అన్నారు జనం. వాయుసేన పరిశోధకులు మొదట “శుక్రగ్రహం” అన్నారు. శుక్రుడు ఆ దిక్కున ఉన్నమాట నిజమే. కాని పట్టపగలు అది కనిపించినా సూదిమొనంత చుక్కే. సాక్షులు చూసినది పెద్ద వస్తువు. కనుక ఆ జవాబు నిలవలేదు.

1952లో కెప్టెన్ రుప్పెల్ట్ ఆ కాగితాలు మళ్ళీ తిరగేశాడు. అప్పట్లో అమెరికా నౌకాదళం స్కైహుక్ అనే పెద్ద ప్లాస్టిక్ బెలూన్లను రహస్యంగా ఎగరవేస్తూండేది. వ్యాసం సుమారు 30 మీటర్లు. 30 కిలోమీటర్ల ఎత్తుకు పోగలవు. మస్టాంగ్ ఎంత ఎక్కినా వాటిని అందుకోలేదు. సాక్షుల వర్ణన వాటికి చక్కగా సరిపోయింది. అయితే ఆనాటి బెలూన్ ప్రయాణపు రికార్డు ఆయనకు దొరకలేదు. అందుకే “బహుశా బెలూనే” అన్నాడు గాని “ముమ్మాటికీ” అనలేదు. శాస్త్రీయ దృష్టి అంటే ఇదే.

1969లో వాయుసేన ఈ పరిశోధనను ముగించింది. మొత్తం 12,618 కేసుల్లో 701 తేలకుండా మిగిలాయి. తేలలేదంటే అవి అన్యగ్రహాలనుంచి వచ్చాయని అర్థం కాదు. ఏవో గుర్తించలేకపోయారని మాత్రమే.

మన హైదరాబాదులోని టాటా సంస్థ బెలూన్ కేంద్రంనుంచి కూడా ఇటువంటి బెలూన్లు ఎగురుతాయి. 2022 డిసెంబరులో అక్కడినుంచి వెళ్ళిన బెలూన్ తాలూకు గది ఒకటి వికారాబాద్ జిల్లా పొలాల్లో దిగితే ఊరంతా వింతగా చూసింది.

రేపు మీకూ అటువంటిది కనిపించవచ్చు. వెంటనే టైము, దిక్కు రాసుకోండి. చేయి చాచి పిడికిలి పట్టండి. దాని వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. వస్తువు నేల అంచుకు ఎన్ని పిడికిళ్ళ ఎత్తున ఉందో లెక్కించండి. పేరు పెట్టడం తరువాత, కొలవడం ముందు!