లండన్ మ్యూజియంలో ‘హైదరాబాద్’ యుద్ధ విమానం.. ఆ పైకం ఎక్కడిది?

లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో వందేళ్లు దాటిన యుద్ధ విమానం ఒకటుంది. దాని మీద ‘హైదరాబాద్ నం. 12ఏ’ అని, నిజాం ప్రభువు బహుమానం అని రాసి ఉంటుంది. శత్రువుల నేల మీద దిగి పట్టుబడిన విమానం ఇది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటన్‌కు భారీగా ధనసాయం చేశారు. ఆయన ఇచ్చిన డబ్బుతో 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు సమకూరాయి. అందుకే ఆ దళానికి ‘హైదరాబాద్’ పేరు పెట్టారు. ఆ విమానాలు డీహెచ్-9ఏ రకం. ఇద్దరు కూర్చునే బాంబర్లు, 400 హార్స్‌పవర్ ఇంజిన్.

1918 సెప్టెంబర్‌లో ఈ దళం ఫ్రాన్స్ నుంచి జర్మనీ మీద దాడులు మొదలుపెట్టింది. అక్టోబర్ 5న దాడికి వెళ్లిన 12ఏ తిరిగి రాలేదు. జర్మన్ గడ్డ మీద దిగక తప్పలేదు. అందులోని ఇద్దరూ ఖైదీలయ్యారు. అప్పట్లో బ్రిటిష్ పైలట్లకు పారాషూట్లు ఇచ్చేవారు కాదు. విమానం మొరాయిస్తే దూకే దారి లేదు, కింద ఏది దొరికితే అక్కడ దింపుకోవాల్సిందే. మరో ఐదు వారాలకు యుద్ధమే ముగిసింది.

జర్మన్లు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో బెర్లిన్‌పై బాంబులు పడుతుంటే పోలండ్‌కు తరలించారు. 1977లో బ్రిటన్ ఒక స్పిట్‌ఫైర్ ఫైటర్ విమానాన్ని పోలండ్‌కు ఇచ్చి దీన్ని వెనక్కి తెచ్చుకుంది.

మరి ఆ పైకం ఎక్కడిది? పెద్దపల్లి అప్పుడు నిజాం రాజ్యంలోని కరీంనగర్ జిల్లాలో ఉండేది. రాజ్యం ఆదాయంలో పెద్ద వాటా భూమి శిస్తుదే. సర్కారు ఖజానా అయినా, నిజాం సొంత సర్ఫ్-ఎ-ఖాస్ అయినా నిండింది ముఖ్యంగా రైతు కట్టిన శిస్తుతోనే. ఆ రైతుల్లో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. విమానం మీద వాళ్ల ఊసు లేదు.

ముస్లింలకు ఇంకో ఇరకాటం కూడా ఉండేది. ఆ యుద్ధంలో తుర్కీ జర్మనీ పక్షాన ఉంది. తుర్కీ సుల్తానే ఖలీఫా. 1914 నవంబర్‌లో ఆయన తరఫున బ్రిటన్‌పై జిహాద్ పిలుపు వచ్చింది. బ్రిటన్‌కే విధేయులుగా ఉండాలని నిజాం ముస్లింలను కోరారు. 1918లో బ్రిటన్ ఆయనకు ‘నమ్మకమైన మిత్రుడు’ అనే బిరుదు ఇచ్చింది. ఆ మరుసటి ఏడాదే ఖిలాఫత్ ఉద్యమం మొదలైంది.

రెండో యుద్ధంలో 152, 253 ఫైటర్ దళాలు కూడా హైదరాబాద్ పేరుతోనే ఎగిరాయి. 152వ దళం చిహ్నంలో నిజాం దస్తార్ ఉంటుంది.

లండన్‌లో ఉన్నవాళ్లు, వెళ్లేవాళ్లు హెండన్‌లోని మ్యూజియంలో 12ఏను చూడవచ్చు. పిల్లలు పక్కన ఉంటే దాని మీద రాసిన పేరుతో పాటు, రాయని శిస్తు సంగతి కూడా చెప్పాలి.