సముద్రం తరఫున ఒక దావా

పిల్లలూ! పొలం గట్టును ఎవరైనా చెరిపేస్తే ఆ పొలం రైతు కోర్టుకు వెళ్లి న్యాయం అడుగుతాడు. మరి సముద్రాన్ని ఎవరైనా పాడుచేస్తే? సముద్రానికి నోరు లేదు. దానికి పట్టాదారు లేడు. దాని తరఫున ఎవరు అడగాలి? ఫిలిప్పీన్స్ దేశంలో 14 మంది మనుషులు ఆ పని తమ మీద వేసుకున్నారు. ఆ సంగతి తెలుసుకుందాం.

అఖాతం ఎందుకు త్వరగా చెడిపోతుంది?

ఆసియా పటంలో ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాను వెతకండి. దాని పక్కనే నేలలోకి చొచ్చుకువచ్చిన సముద్రభాగం కనిపిస్తుంది. అదే మనీలా అఖాతం. దాని విస్తీర్ణం సుమారు 2,000 చదరపు కిలోమీటర్లు. తీరం పొడవు 190 కిలోమీటర్లు. బయటి సముద్రంతో కలిసే ద్వారం మాత్రం 19 కిలోమీటర్ల వెడల్పే. అందువల్ల లోపలికి వచ్చిన మురికి తేలిగ్గా బయటకు పోదు.

ఇక మురికి ఎక్కడినుంచి వస్తుంది? మనీలా మహానగర ప్రాంతంలో కోటీ ముప్పై లక్షల మందికి పైగా ఉన్నారు. చాలా ఇళ్ల మురుగు శుద్ధి కాకుండానే కాలువల్లో పడుతుంది. కాలువలు పాసిగ్ నదిలో కలుస్తాయి. నది అఖాతంలో కలుస్తుంది.

నీటిలోని సూక్ష్మజీవులు ఈ మురుగును తిని కుళ్లబెడతాయి. అలా చేసేటప్పుడు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును వాడుకుంటాయి. మురుగు కొద్దిగా ఉంటే ఫరవాలేదు. గాలినుంచి, నీటి మొక్కలనుంచి కొత్త ప్రాణవాయువు వచ్చి చేరుతుంది. మురుగు మితిమీరితే ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ అవుతుంది. అప్పుడు చేపలకు ఊపిరాడదు. జాలరి వల ఖాళీగా తిరిగి వస్తుంది.

లెక్క చెప్పిన పరీక్షనాళికలు

"నీరు చెడిపోయింది" అంటే కోర్టు నమ్మదు. రుజువు కావాలి. ఆ రుజువు ఇచ్చింది విజ్ఞానశాస్త్రం.

మనుషుల పేగుల్లోనూ, పశువుల పేగుల్లోనూ కోలిఫారం అనే బాక్టీరియా ఉంటుంది. నీటిలో అది కనిపించిందంటే మలం కలిసి ఉండవచ్చన్నమాట. కోలిఫారం చాలావరకు హాని చేయదు. కాని అది వచ్చిన దారినే టైఫాయిడ్, కలరా క్రిములు కూడా రావచ్చు. అందుకే శాస్త్రజ్ఞులు దానిని వెతుకుతారు.

ఎలా వెతుకుతారు? పాలలో ఉండే చక్కెరను కలిపిన ద్రవాన్ని పరీక్షనాళికల్లో పోస్తారు. వాటిలో నీటి నమూనాను కొద్దికొద్దిగా కలిపి వెచ్చగా ఉంచుతారు. కోలిఫారం ఉంటే ఆ చక్కెరను పులియబెట్టి వాయువు పుట్టిస్తుంది. ఎన్ని నాళికల్లో బుడగలు వచ్చాయో చూసి, బాక్టీరియా ఎన్ని ఉండవచ్చో లెక్క కడతారు.

స్నానానికి పనికివచ్చే సముద్రపు నీటిలో, ఆ దేశపు అప్పటి నియమం ప్రకారం, 100 మిల్లీలీటర్లకు ఈ లెక్క 200 దాటకూడదు. మనీలా అఖాతపు తీరాల్లో తీసిన నీటిలో వచ్చిన అంకె 50,000 నుంచి 80,000 దాకా ఉంది!

కోర్టులో ఏం జరిగింది?

1999 జనవరి 29న ఆ 14 మంది ప్రభుత్వ శాఖల మీద దావా వేశారు. వారి తరఫున నిలబడిన న్యాయవాది ఆంటోనియో ఒపోసా. ఈయన అంతకుముందు 1990లో నలభై మందికి పైగా పిల్లల పేరుతో అడవుల కోసం దావా వేశారు. పిల్లలు తమ కోసమే కాదు, ఇంకా పుట్టని తరాల కోసం కూడా అడగవచ్చని 1993లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది.

అఖాతం దావాలో 2002లో కింది కోర్టు తీర్పు చెప్పింది: అఖాతాన్ని శుభ్రం చేయండి! శాఖలు ఒప్పుకోలేదు. "శుభ్రం చేయాలా వద్దా అన్నది మా ఇష్టం" అని వాదించాయి. ఇక్కడ కాస్త ఆలోచించండి. మీ మాస్టారు హాజరు ఏ కలంతో వేయాలన్నది ఆయన ఇష్టం. అసలు హాజరు వేయాలా వద్దా అన్నది ఆయన ఇష్టం కాదు కదా! 2008 డిసెంబరు 18న సుప్రీంకోర్టు చెప్పినదీ ఇదే: ఎలా చేయాలో మీరు చూసుకోండి, చేయడం మాత్రం మీ విధి.

అంతటితో కోర్టు ఊరుకోలేదు. మూడు నెలలకోసారి ఎంత పని జరిగిందో నివేదిక పంపమంది. తీర్పు చెప్పి తప్పుకోకుండా కోర్టు ఇలా కనిపెట్టి ఉండే పద్ధతికి ఉదాహరణగా ఆ తీర్పు మన సుప్రీంకోర్టునే చూపించింది. గంగానది శుద్ధి కేసును కూడా పేర్కొంది. కాలుష్యం గురించిన పాఠాలు బడుల్లో చెప్పాలని విద్యాశాఖను ఆదేశించింది.

అయితే అఖాతం బాగుపడిందా?

ఇంకా పూర్తిగా బాగుపడలేదు. నగరమంతా నేల కింద మురుగు గొట్టాలు వేయడం ఏళ్ల తరబడి సాగే పని. అది సరిగా చేయనందుకు 2019లో నీటి సంస్థలకు సుప్రీంకోర్టు పెద్ద జరిమానా వేసింది. ఆ ఏడాది జనవరిలోనే వేలమంది జనం తీరానికి వచ్చి చెత్త ఏరారు. 2020లో ప్రభుత్వం తీరంలో కొంత మేర డోలమైట్ రాతిపొడి పోయించి తెల్లగా మెరిపించింది. దీనివల్ల కాలుష్యం పోదని ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయపు సముద్ర శాస్త్రజ్ఞులు చెప్పారు. కప్పు కారుతుంటే గోడకు సున్నం వేసి లాభమేముంది?

మరో చిక్కు కూడా ఉంది. కాలువ గట్ల మీది కట్టడాలను తొలగించమని కోర్టు చెప్పింది. అక్కడ గుడిసెలు వేసుకున్నది పేదవాళ్లు. వాళ్లకు వేరేచోట ఇల్లు చూపకుండా గుడిసె తీసేస్తే అది న్యాయమవుతుందా? నీటిని కాపాడాలి, మనుషులనూ కాపాడాలి. కష్టమైన లెక్క అంటే ఇదే.

ఇప్పుడు మీకొక పని. మీ వీధిలోని మురుగు కాలువ ఎక్కడికి పోతుంది? ఏ చెరువులో, ఏ ఏటిలో కలుస్తుంది? దారిలో ఎక్కడైనా దానిని శుద్ధి చేస్తున్నారా? పెద్దవాళ్లను అడిగి, ఆ దారిని ఒక కాగితం మీద పటంగా గీయండి. మనీలా అఖాతం కోసం దావా వేసినవాళ్లు అడిగిన ప్రశ్న కూడా అదే.