సరియైన సమాధానము

పరీక్ష ముగిసి గంట మ్రోగగానే విద్యార్థులు గుంపులు గుంపులుగా చెట్టునీడకు చేరి, చేతనున్న ప్రశ్నపత్రములను విప్పి, సమాధానములను సరిచూచుకొనుట అన్ని ఊళ్లలోను కనబడు దృశ్యమే. లెక్కల పరీక్షనాడు ఈ పని త్వరగా ముగియును. ఒకనికి వచ్చిన సంఖ్య మరియొకనికిని వచ్చినదా లేదా అని చూచుకొనిన చాలును. జీవశాస్త్ర పరీక్షనాడు అట్లు కాదు. ఒకే ప్రశ్నకు నలుగురు నాలుగు విధములుగా వ్రాసియుందురు. నలుగురును తమదే సరియని వాదింతురు. తుదకు ఎక్కువమంది ఏమి వ్రాసిరో అదియే సరియని తేల్చి, వేరుగా వ్రాసినవానిని జాలిగా చూచి ఇండ్లకు పోవుదురు. అతడు ఆ రాత్రి అన్నము సహింపక, మరునాటి పాఠమున మనస్సు నిలుపలేక బాధపడును. ఎక్కువమంది చెప్పినంతమాత్రమున ఒక సమాధానము సరియైనది కాగలదా? ఇది విద్యార్థులెల్లరు విచారింపదగిన విషయము.

కాకినాడకు ఈశాన్యముగా సముద్రపుటొడ్డున ఉప్పాడ అను గ్రామము కలదు. పూర్వము తూర్పు గోదావరి జిల్లాకు చెందిన ఈ గ్రామము 2022 వ సంవత్సరము నుండి కాకినాడ జిల్లాలోనిది. చేపలవేట, చేనేత ఇచ్చటి ప్రధాన వృత్తులు. ఉప్పాడ జామ్‌దానీ చీరలు దేశమంతట ప్రసిద్ధి కెక్కినవి. ఇట్టి ఊరి పిల్లలకు జీవశాస్త్రము పుస్తకమునందే కాదు, వలలలోను, ఇసుకలోను, కెరటములలోను గూడ కనబడుచుండును. కావున పరీక్ష పిమ్మట వారిమధ్య పుట్టదగిన మూడు వివాదములను ఉదాహరణముగా గైకొందము.

మొదటిది పీత విషయము. పీతకు కాళ్లెన్ని? ఎనిమిది అని ఒకడు వ్రాసెను. పది అని వేరొకడు వ్రాసెను. ఇద్దరును పీతను చూచినవారే, ఇద్దరును లెక్కించినవారే. మరి భేద మెట్లు కలిగెను? మొదటివాడు నడచు కాళ్లను మాత్రమే లెక్కించెను. ముందరనుండు పట్టుకారువంటి రెండింటిని అతడు చేతులనుకొనెను. శాస్త్రజ్ఞులు వానినిగూడ కాళ్లలోనే చేర్తురు. అవి ఆహారమును పట్టుటకు అనువుగా మారిన కాళ్లు. అట్లే ఈదెడు పీతలలో చివరి జత తెడ్లవలె చదునుగా నుండును, అవియును కాళ్లే. రొయ్యకును ఇదే లెక్క. అందువలననే ఈ జాతులన్నియు దశపాదులని పేర్కొనబడినవి. ఇచ్చట తగవు కంటిచూపునకు సంబంధించినది కాదు. 'కాలు' అను మాటకు అర్థమేమి అనునదే తగవు. మాట అర్థమును ముందుగా నిర్ణయించుకొనిన యెడల వివాదమే యుండదు.

రెండవది తాబేలు విషయము. సముద్రపు తాబేలు దేనితో శ్వాసించును? నీటిలో నివసించునది గనుక మొప్పలతో శ్వాసించునని తరగతిలో పలువురు వ్రాసిరనుకొందము. జాలరి యింటి బాలుడొకడు మాత్రము ఊపిరితిత్తులతో అని వ్రాసెననుకొందము. సంఖ్యాబలము మొదటివారిది, సత్యము రెండవవానిది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు ఈ తీరమునకు వచ్చుచుండును. అవి నడుమ నడుమ తల పైకెత్తి గాలి పీల్చి మరల మునుగును. పడవపై పోవువారు ఈ సంగతిని ఎన్నిమారులో చూచియుందురు. మరయొక సాక్ష్యము గూడ కలదు. పెద్దవలలో చిక్కుకొని చాలసేపు నీటి యడుగున నుండిపోయిన తాబేలు ఊపిరాడక చచ్చును. మొప్పలున్న జంతువు నీటిలో మునిగి చావదు గదా! ఈ సత్యమును ఆధారము చేసికొనియే, తాబేలు తప్పించుకొని పోవుటకు వీలగు ద్వారముగల వలలను నిపుణులు కల్పించిరి. పరీక్షలో ఒక మార్కు విలువగల సమాధానము సముద్రమున ఒక ప్రాణి విలువ చేయుచున్నది.

మూడవది వేరు విషయము. వేరు ఏ దిశకు పెరుగును? భూమిలోనికి, క్రిందికి అని పుస్తకము చెప్పును. కాని కాకినాడకు దక్షిణమున, గోదావరి సముద్రమున గలియు ప్రాంతమున, కోరంగి మడ అడవులు కలవు. 1978 లో ఈ ప్రాంతము అభయారణ్యముగా ప్రకటింపబడినది. ఆ అడవిలో కొన్ని మడచెట్ల చుట్టును బురదలోనుండి వ్రేళ్లవంటి మొలకలు వందలకొలది నిక్కి నిలిచియుండును. అవి మొలకలు కావు. ఆ చెట్టు వేళ్లే. ఉప్పునీటి బురదలో గాలి చొరదు గావున, శ్వాసించుటకై అవి పైకి పెరుగును. అట్లయిన పుస్తకము చెప్పినది తప్పా? కాదు. పుస్తకము సామాన్య ధర్మమును చెప్పినది. మడచెట్టు విశేష ధర్మమును చూపినది. 'వేళ్లు సామాన్యముగా క్రిందికి పెరుగును. గాలి దొరకని నేలలో కొన్ని చెట్ల వేళ్లు పైకి వచ్చును' అని కారణముతో వ్రాసిన విద్యార్థి రెండింటిని తెలిసికొనినవాడు.

దీనిని బట్టి సమాధానములు వేరగుటకు కారణములు మూడని తెలియుచున్నది. ఒకచో మాటకు అర్థము వేరుగా గ్రహింపబడును. ఒకచో కొందరు చూచి వ్రాయుదురు, కొందరు ఊహించి వ్రాయుదురు. ఒకచో ఒకరు సామాన్యమును, మరియొకరు విశేషమును వ్రాయుదురు. ఈ మూడింటిలో ఒక్కటియైనను చేతులెత్తించి లెక్కించుటవలన తేలునది కాదు.

ఇట్టి పొరపాటు పిల్లలకే పరిమితము కాదు. గొప్ప శాస్త్రజ్ఞులును ముప్పది సంవత్సరములకు పైగా ఇట్లే పొరబడిరి. మన దేహము కణములతో నిర్మింపబడినది. ప్రతి కణము విభజన చెందునపుడు దాని కేంద్రకములో దారపుపోగులవంటి క్రోమోజోములు కనబడును. తల్లిదండ్రుల లక్షణములను బిడ్డలకు చేర్చునవి ఇవియే. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయమున థియోఫిలస్ పెయింటర్ అను పండితుడు మనుష్యుని క్రోమోజోములను లెక్కించుటకు పూనుకొనెను. అవి ఒకదానిపై నొకటి పడి చిక్కుపడిన పోగులవలె నుండుటచే లెక్క మిక్కిలి కష్టమయ్యెను. 46 యో, 48 యో అని మొదట సందేహించి, 1923 లో అతడు 48 అని ప్రకటించెను. నాటినుండి పుస్తకములన్నియు 48 అనియే వ్రాసినవి. తరువాత లెక్కించినవారును 48 కనబడవలెనని ఎదురుచూచుచు 48 నే చూచిరి.

స్వీడను దేశమున కొందరు పరిశోధకులు మానవ కణములను పరీక్షించుచు మాటిమాటికి 46 క్రోమోజోములనే లెక్కించిరి. తమ లెక్క పుస్తకముతో సరిపడలేదు. 48 ఎంత వెదకినను దొరకకపోవుటచే, వారు తమ పనిలోనే లోపమున్నదని తలచి పరిశోధనను తాత్కాలికముగా ఆపివేసిరి. సరియైన సమాధానము వారి చేతిలోనే యున్నది. తోటివారందరు వేరుగా చెప్పుచున్నారని తన సమాధానమును తానే కొట్టివేసిన విద్యార్థికిని వారికిని భేద మేమున్నది?

1955 డిసెంబరులో అదే దేశమునందలి లుండ్ నగరమున జో హిన్ చియో అను శాస్త్రజ్ఞుడు ఈ చిక్కును విప్పెను. ఇతడు జావా ద్వీపమున పుట్టినవాడు. కణములను పలుచని ద్రవములో నుంచినచో అవి ఉబ్బి, క్రోమోజోములు విడివిడిగా పరచుకొనును. ఈ పద్ధతిని మెరుగుపరచి అతడు లెక్కింపగా 46 మాత్రమే వచ్చెను. మరల మరల లెక్కించెను, అంతే వచ్చెను. ఆల్బర్ట్ లెవాన్ తో గలసి 1956 లో అతడు దీనిని ప్రకటించెను. క్రమముగా ప్రపంచమంతయు ఒప్పుకొనెను. 1950 వ సంవత్సరమున ఏ విద్యార్థియైన 46 అని వ్రాసియున్నచో అతనికి మార్కు వచ్చియుండెడిది కాదు. నేడు 48 అని వ్రాసినవానికి రాదు.

అట్లయిన సత్యము మారునా? ఉప్పాడవద్ద సముద్రము తీరమును కోసివేయుచున్నది. పాత పటములో చూపిన ఒడ్డు నేడు నీటిలో కలిసిపోయినది. అచ్చట మారినది నేలయే. క్రోమోజోముల విషయమట్టిది కాదు. పెయింటర్ నాటికిని మనుష్యునకు 46 క్రోమోజోములే యుండెను. మారినది వస్తువు కాదు, దానిని గూర్చిన మన జ్ఞానము. శాస్త్రము తన తప్పును తానే దిద్దుకొనగలదు. దానికి గల గౌరవమునకు ఇదియే ముఖ్యకారణము.

లెక్క సరిపడనపుడు దానిని కొట్టివేయక, ఎందులకు సరిపడలేదని అడిగిన మహనీయుడు గోదావరి మండలముననే జన్మించెను. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12 న భీమవరమున పుట్టిన ఈయన కొంతకాలము రాజమహేంద్రవరమున చదివెను. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమారులు తప్పి, మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి మూడవమారు ఉత్తీర్ణుడయ్యెను. వైద్య కళాశాలలోను ఆయనకు పూర్తి పట్టము లభింపక, దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే దక్కెను. అయినను నిరాశ చెందక 1922 లో అమెరికాకు పోయి బోస్టన్ నగరమున హార్వర్డు వైద్య విద్యాలయమున చేరెను.

ఆ కాలమున కండరములు ముడుచుకొనుటకు లాక్టిక్ ఆమ్లము పుట్టుటయే మూలమని శాస్త్రజ్ఞులు నమ్ముచుండిరి. సుబ్బారావు తన ఆచార్యుడగు సైరస్ ఫిస్క్ తో గలసి, దేహద్రవములలో భాస్వరమును కొలుచు ఒక పద్ధతిని 1925 లో వెలువరించెను. కొలుచునపుడు ద్రవము నీలిరంగునకు తిరుగవలెను. కండరపు ద్రవమునందు మాత్రము ఆ రంగు ఆలస్యముగా వచ్చుచుండెను. ఇది చేతి పొరపాటని వారు విడిచిపెట్టలేదు, కారణమును వెదకిరి. అందువలన 1927 లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము బయటపడినది. 1929 లో ఎ.టి.పి. అను పదార్థమును గూడ వారు కండరమునుండి వేరుచేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రముగా దానిని కనుగొనెను. 1930 లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లము పుట్టకున్నను కండరము ముడుచుకొనగలదని నిరూపించెను. పాత సమాధానము పోయి క్రొత్త సమాధానము నిలిచినది. రెండుమారులు పరీక్ష తప్పిన బాలుడు పెద్దవాడై వెదకి తెచ్చిన పదార్థమును గూర్చి నేడు ప్రపంచమంతట జీవశాస్త్ర పరీక్షలలో ప్రశ్నలు అడుగుచున్నారు!

ఇంతమాత్రమున పాఠ్యపుస్తకమును నిర్లక్ష్యము చేయవచ్చునని తలపరాదు. పరీక్షయందు అందరికిని ఒకే కొలబద్ద యుండవలెను. ఆ కొలబద్ద పాఠ్యపుస్తకమే. చియోవంటివారు కూడ ముందుగా ఉన్న విద్యను శ్రద్ధతో నేర్చిన పిమ్మటనే దానిని దిద్దగలిగిరి. నేర్వక ఎదిరించుట మూర్ఖత. నేర్చి ప్రశ్నించుట వివేకము.

కావున సమాధానములు సరిచూచుకొనుట మానవలసిన పని కాదు, చక్కగా చేయవలసిన పని. దానికొక క్రమము కలదు. పరీక్షలు ఇంకను మిగిలియున్నచో, సందేహము కలిగిన ప్రశ్నకు గురుతు పెట్టి ఆ పత్రమును దాచి, రాబోవు పరీక్షకు చదువుకొనవలెను. 2024 మార్చిలో ఆంధ్రప్రదేశ్ పదవ తరగతి పరీక్షలందు భౌతికశాస్త్రమును, జీవశాస్త్రమును వేర్వేరు దినములందు ఏబదేసి మార్కులకు జరిపిరి. ఒకనాటి దిగులును మరునాటికి మోసికొని పోవువాడు రెండింటిలోను నష్టపడును. పరీక్షలన్నియు ముగిసిన పిదప ఆ పత్రమును విప్పి, "నీవేమి వ్రాసినావు?" అని మాత్రమే కాక, "అది నీకెట్లు తెలిసినది?" అని ఒకరినొకరు అడుగవలెను. చదివి తెలిసినచో ఏ పాఠములోనో చూపవలెను. చూచి తెలిసినచో ఆ వస్తువును అందరును కలిసి మరల చూడవలెను. పీత కాళ్లను లెక్కించుటకు వాదము వలదు. వలలు దింపు చోటికి పోయిన చాలును. మార్కులు వేయుటలో పొరపాటు జరిగెనని తోచినచో, ఫలితములు వెలువడిన తరువాత పునఃపరిశీలన కోరుటకు పదవ తరగతి విద్యార్థులకు అవకాశము కలదు.

ఉప్పాడ నేతగాండ్రు నేయు జామ్‌దానీ చీరకు ఒక విశేషము కలదు. దానిపై పువ్వు ఉభయపార్శ్వములందును ఒకే తీరుగా కనబడును. మంచి సమాధానమును అట్టిదే. కాగితముపై ఎంత చక్కగా నున్నదో, వ్రాసినవాని మనస్సునందును అంత చక్కగా నుండవలెను. అట్టి సమాధానము వ్రాసినవాడు ఒంటరియైనను భయపడనక్కరలేదు. తన తప్పు తెలిసినపుడు దిద్దుకొనుటకు సిగ్గుపడనక్కరయును లేదు.