ఉయ్యాల పడకకు క్రిందనుండి కాపలా

వేసవిలో సర్వే పనిమీద తూర్పు కనుమల అడవులకు వెళ్ళిన మేము చెట్ల నడుమ గుడ్డ ఉయ్యాలలు కట్టుకొని పడుకొనేవారము. పైన దోమతెర ఉన్నదన్న ధీమా మాది. తెల్లవారేసరికి వీపునిండా దద్దుర్లు! ఒంటికి బిగిసిన పలుచని గుడ్డగుండా దోమలు క్రిందనుండి కుట్టాయి. పన్నెండు రోజులకు మా సహచరుడొకరికి చలిజ్వరము వచ్చింది. రక్తపరీక్షలో మలేరియా అని తేలింది.

అటుపై ఉయ్యాల అడుగును సైతము చుట్టివచ్చేటట్లు పెద్ద తెర కుట్టించి, వీపునకు తగలకుండా వదులుగా వ్రేలాడదీశాము. ఉయ్యాల గుడ్డకు బయటివైపున పెర్మెత్రిన్ పట్టించి ఆరబెడితే మరింత రక్షణ. అది ఒంటికి రాసుకొనే మందు కాదు. ఒంటికి డీట్ కలిసిన లేపనము వేరు. మలేరియా దోమలు చీకటి పడ్డాకనే విజృంభిస్తాయి కనుక, ఎంత ఉక్కపోసినా సాయంత్రమునుండి పొడుగుచేతుల వదులు చొక్కా తప్పదు.

తాళ్ళ వెంబడి దిగే చీమలకు కిరసనాయిలు పేలిక చుట్టాము. పొయ్యిని మాత్రము దూరముగా పెట్టించాము.